డాబా మీద ఆరబోసిన మిరపకాయలు

ఈ యేడు మార్చి ఇరవై రెండు. ఆ మధ్యాహ్నం కరుణాకర్ గారు వేడన్నంలో కొత్త కారం, నెయ్యి కలుపుకుని, ముద్దపప్పు నంజుకుని తిన్నారు. భార్య హెలెన్ పోయాక ఆ ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించడం అదే మొదలు. చెయ్యి కడుక్కుంటుంటే వీధిలో గోల వినిపించింది. దుమ్ము ఎక్కువైందని పక్క సందులోని మిరపకాయల షెడ్డు మూయించారనీ, గోడకు నోటీసు అంటించారనీ ఎవరో చెప్పారు.

ఆ తేదీ, ఆ అన్నం రెండూ ఆయనకు కలిసే గుర్తుండిపోయాయి.

ఆయన గుంటూరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. కిందటేడు, కాలుష్య నియంత్రణ మండలిలో పనిచేసే పాత శిష్యుడు రాఘవ వచ్చి, గాలిలో దుమ్ము కొలిచే యంత్రం పెట్టుకోవడానికి డాబా మీద కాస్త చోటు అడిగాడు. మోత పెట్టే ఆ పెట్టె ఉంటే ఇంట్లో ఇంకో ప్రాణి ఉన్నట్టుంటుందని ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. దాని దగ్గర దుమ్ము రేగే పనేదీ చెయ్యొద్దని రాఘవ మరీ మరీ చెప్పాడు. ఆయన అలాగే చూసుకున్నారు. డాబాను తడిగుడ్డతో తుడిపించారు. పెరట్లో ఎండుటాకులు కూడా కాల్చనివ్వలేదు.

కానీ గుంటూరు మనిషికి మిరపకాయ తిండి. దాన్ని దుమ్మని ఎవరనుకుంటారు? షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్దదిక్కు పున్నమ్మ. ఆయన వెళ్లే చర్చికే వస్తుంది. అడగ్గానే మంచి కాయ ఏరి తెచ్చింది. డాబా మీద పొద్దస్తమానం ఎండ తగిలేది యంత్రం పక్కనే. అక్కడే పట్టా పరిచి ఆరబోసింది, అక్కడే కూచుని తొడిమలు తీసింది. రోజూ కాయలు తిరగేసింది మాత్రం ఆయనే. తిరగేసినప్పుడల్లా తుమ్మారు. తుమ్ముతూ కూడా ఆయనకు యంత్రం గుర్తుకు రాలేదు.

యంత్రంలో దుమ్ము పట్టే ఫిల్టర్ కాగితాలు ఎర్రగా వచ్చాయి. ఎర్రదుమ్ము ఎక్కడిదంటే అందరి వేళ్లూ షెడ్డు వైపే చూపించాయి.

నోటీసు చదివాకే ఆయనకు సంగతి తట్టింది. తట్టినా నోరు విప్పలేదు. షెడ్డులో దుమ్మున్న మాట అబద్ధమా, ఆ ఆడవాళ్లు కొంగులు ముక్కుకు చుట్టుకుని దగ్గేవాళ్లు కాదా అని తనకు తానే చెప్పుకున్నారు. ఆ మాటతో పగలు ఎలాగో గడిచేది.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు సగం ఖాళీ. పనిలేక ప్రత్తిపాడు వైపు చేలల్లో ఎండిన పత్తికట్టె పీకడానికి ఆటోలెక్కి పోతున్నారట, ఆదివారమని కూడా లేకుండా. పున్నమ్మ ఒక్కతే పాట ఎత్తుకుంది. ఏళ్ల తరబడి బొంగురుగా ఉన్న ఆ గొంతు ఇప్పుడు ఎక్కడా తెగకుండా పైకి లేచింది. అది వినడం ఆయనకు ఎంత హాయిగా ఉందో, తల ఎత్తడం అంత కష్టమైంది.

మర్నాడు రాఘవను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. 

"సార్, ఈ ఊళ్లో లారీల దుమ్ముంది, పత్తికట్టె పొగ ఉంది, చెత్త కాల్చే పొగ ఉంది. వాటికి ఎవరి పేరున నోటీసు రాయను? ఈ షెడ్డుకైతే ఓ పేరుంది."

"అందుకని నా తప్పు వాళ్ల పేరున రాస్తావా?"

రాఘవ ఆయన రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ కొలిచి చూడాలనీ, షెడ్డు తెరిచేసరికి సీజను దాటిపోయినా దాటిపోవచ్చనీ మెల్లిగా చెప్పాడు. తెరిచాకైనా గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించమని ఆయన అడిగారు. ప్రయత్నిస్తానన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఆయన పున్నమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. లోపల కూతురు జెస్సీ, పత్తికట్టె పీకి వచ్చి, అన్నం కూడా తినకుండా పడుకుని ఉంది.

"ఆ ఎర్రదుమ్ము మీ షెడ్డుది కాదు పున్నమ్మా. డాబా మీద మనం పోసిన కాయలది."

చేట ఆగింది. "మనం అనమాకండి మాస్టారూ. నేను కాయలు పోశాను. ఆ పెట్టె ఏం చేస్తదో తెలిసింది మీకు."

"అవును. నాకే తెలుసు."

"ఎప్పుడు తట్టింది?"

"నోటీసు పడ్డ రోజే."

ఆమె చేట పక్కన పెట్టింది. "దగ్గు తగ్గిందే అని అందరూ అంటన్నారు. తగ్గింది, నిజమే. గాలి వండుకు తింటామా? పిల్ల అరిచేతులు చూస్తారా, రండి."

ఆయన లోపలికి అడుగు వెయ్యలేకపోయారు. రాఘవకు చెప్పిన సంగతి, అతనన్న మాట చెప్పారు. ఆమె అంతా విని, కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"రేపు పొద్దున ఆటో ఎక్కేముందు అందరూ షెడ్డు కాడే ఉంటారు. నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పండి. తిడతారు. నేను అడ్డం రాను."

"రావద్దు. నేను వస్తాను."

ఆయన మెట్లు దిగారు. సందులో దీపం లేదు. ఆయన మలుపు తిరిగేదాకా పున్నమ్మ గుమ్మంలో లైటు ఆర్పకుండా నిలబడింది. తరువాత, పిల్ల నిద్ర చెడకుండా, కిర్రుమనే తలుపును కాస్త పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా మూసింది.