భద్రమ్మ పేరు కొట్టిన డబ్బాలు

కాశిబుగ్గలో సారంగపాణి కిరాణా కొట్టుంది, దాని వెనకే ఇల్లు. ఆ ఇంట్లో ఆయన భార్య భద్రమ్మకు తెలియకుండా చీపురుపుల్ల కూడా గడప దాటదు. ముప్ఫై నాలుగేళ్లుగా బీరువా, బియ్యం గది, ఆఖరికి చక్కెర డబ్బా పెట్టే అలమార తాళం కూడా ఆమె నడుముకే. కోడలు సుకన్య చాయ్ పెట్టాలన్నా అత్త నడుము వంక చూడాల్సిందే. పోనీ దానివల్ల భద్రమ్మ సుఖపడిందా అంటే అదీ లేదు. పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు పడకముందే తాళం వేశానో లేదోనని లేచి వచ్చేసే మనిషికి సుఖమెక్కడిది?

అలాంటి మనిషికి తెలియని సంచి ఒకటి ఆమె అటక మీదే నాలుగేళ్లు కూర్చుంది.

మే నెల మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవకాయ జాడీల కోసం నిచ్చెన ఎక్కిన భద్రమ్మకు పాత పరుపుల వెనక మూతి కుట్టేసిన గోనెసంచి కనబడింది. కుట్టు విప్పింది. లోపల చిన్న చిన్న స్టీలు డబ్బాలు, ఇరవై ఒకటి. పోయినవాళ్ల పేరు మీద, దినాల భోజనాలకు వచ్చినవాళ్లకు పంచే రకం. ఎవరివబ్బా అనుకుంటూ ఒకటి వెలుతురుకు పట్టింది. మూత మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉన్నాయి.

కీ.శే. భద్రమ్మ జ్ఞాపకార్థం. 19-5-2021.

వేలితో తడిమి మళ్లీ చదివింది. ఇంకోటి తీసింది. దాని మీదా అదే.

"సుకన్యా!" అని పిలిచింది. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. తన గొంతు తనకే ఎక్కడో దూరం నుంచి వినబడింది. కిందికి దిగి వచ్చింది. సుకన్య చాప మీద పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ చూస్తోంది. భద్రమ్మ వచ్చి ఎదురుగా నిలబడినా తల ఎత్తలేదు. భుజం తట్టబోయి ఆగిపోయింది. చెయ్యి వేస్తే, తగలకపోతే?

ఆ ఏడు మేలో ఆమె కరోనాతో దవాఖానలో ఉంది. నీలం గ్లవుజులు గుర్తున్నాయి, ఇంటికి తెచ్చిన అంబులెన్సు గుర్తుంది. మధ్యలో రోజులు లేవు. వచ్చాక, రోజూ ఆమె చేతి రొట్టె తినే గల్లీ కుక్క మళ్లీ గడప తొక్కలేదు. పక్కింటి పసిదాన్ని ఎత్తుకుంటే నీలుక్కుపోయి ఏడ్చేది. మొగుడు తల దించుకుని తినేసి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు. అంతా నీరసం వల్ల తనకలా అనిపిస్తోందనుకుంది. బీరువా అద్దంలో చూసుకుంటే మొహం కనబడింది గానీ, గుండె కుదుటపడలేదు.

రెండింటికి సారంగపాణి భోజనానికి వచ్చాడు. భద్రమ్మ అన్నం పెట్టి, బెండకాయ వేపుడు ఆ డబ్బాలో వేసి, మూత కంచం పక్కన పెట్టింది. ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇది నీకు యాడ దొరికింది?"

"నా అటక మీదనే. నేనెప్పుడు సచ్చిన్నో జర నాక్కూడ చెప్పుండ్రి."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "దవాఖాన నుంచి ఫోనొచ్చింది, నువ్వు పోయినవని. శవాన్ని గూడ మనకు ఇయ్యరట, వాళ్లే కాలవెడ్తమన్నరు. ఏడ్చిన, తానం జేసిన, నీ ఫోటోకు దండేసిన. లాక్‌డౌన్ల పొద్దున పది దాకనే షాపులు. దినాలకు అందవని డబ్బాల మీద నీ పేరు కొట్టమని అప్పుడే చెప్పొచ్చిన. మూడో దినం మళ్ల ఫోను. పోయింది నీ పక్క మంచమామెనట. డబ్బాలు అప్పటికే తయారైనయి, పారెయ్య పానమొప్పక సంచిల కుట్టి అటకెక్కించిన."

"మరి సంతోషం గాలేదా?"

సారంగపాణి నాలుగేళ్ల తర్వాత ఆమె కళ్లలోకి చూశాడు. "అయింది. గని భద్రా, నిన్ను ఇంటికి తెచ్చిన కాన్నుంచి నాకొకటే భయం. ఏడ్చి సాగనంపినామె మళ్ల ఎట్లొస్తది? వచ్చింది నువ్వేనా అని."

టక్కున కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

భద్రమ్మకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది. కానీ వచ్చిన మాట వేరు.

"ఆ మూడు దినాలు తాళాలు ఎవరి కాడున్నయి?"

"సుకన్య కాడ."

"ఇంట్ల ఏమన్న పోయిందా?"

"ఏం పోలే."

ఏం పోలేదు. బియ్యం అయిపోలేదు, పాలు పొంగిపోలేదు, ఇల్లు కూలిపోలేదు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. తర్వాత ఎందుకో నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి సారంగపాణి పీట వెనక్కి జరుపుకున్నాడు.

"అయితే నేను ఆమెను గాదనే అనుకోండ్రి," అంటూ నడుము నుంచి తాళాల గుత్తి విప్పి ఆయన కంచం పక్కన పెట్టింది. గుత్తి ఒత్తుకుని గట్టిపడ్డ చోట చర్మానికి గాలి తగిలింది. హాయిగా ఉంది. ఇంత హాయి ఉంటుందని ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు.

సంచి చంకన పెట్టుకుని గడప దిగుతుంటే సుకన్య పరుగెత్తుకొచ్చింది. "అత్తమ్మా, యాడికి?"

"ఆమె పేరు మీద పంచాల్సినవి పంచొస్త."

గల్లీలో పక్కింటామె డబ్బా అందుకుని, మూత మీద పేరు చదివి, గబుక్కున తలుపేసుకుంది. భద్రమ్మ రోడ్డు మీదికి వచ్చి, కేసముద్రం బస్సు ఆగితే ఎక్కేసింది. బస్సు నిండా ఎనుమాముల మార్కెట్లో మిర్చి పనికి వచ్చి ఊళ్లకు పోతున్న ఆడవాళ్లు. ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు, తుమ్మి నవ్వుతున్నారు. కిటికీ పక్కన కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ డబ్బాలు ఇస్తూ పోయింది. వడగాలి మొహాన కొడుతోంది. ఇంటికి తాళం వేశారో లేదో అన్న ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలంటే, ఆమె సంతోషంగా ఉంది.

పక్కన కూర్చున్న పడుచుపిల్ల మూత మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"ఈ భద్రమ్మ నీకేమైతది పెద్దమ్మా?"

"బాగ తెలిసినామెనే. మంచిదే పాపం. గని ఇట్ల కిటికీ కాడ కూసునే తీరిక ఎన్నడు లేకుండె."

"అయ్యో! ఎట్ల పోయింది?"

"ఏమో బిడ్డా," అంది భద్రమ్మ. "పోయిందని నాకు గూడ ఇయ్యాల్నే తెలిసింది."

సంచిలోంచి ఇంకో డబ్బా తీసి వెనక సీటామెకు అందించింది.