పొడి చేతుల షరతు

మా శాఖ అద్దె ఒప్పందంలో అచ్చేసిన షరతులు పద్నాలుగు. వాటిని రాసినవాడెవడో నాకు తెలియదు, పూర్తిగా చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆఖరున ‘అదనపు షరతులు’ అని పెట్టి అరపేజీ ఖాళీ వదిలారు. బుద్ధున్నవాళ్ళు అక్కడ ఒక అడ్డగీత గీసి ఊరుకుంటారు. తొంభై ఒకటి మార్చిలో నేను ఆ అరపేజీ నింపాను.

అప్పట్లో నేను సిరుగుప్పలో టెలిఫోన్ల జూనియర్ ఇంజనీరుని. నా భార్య రాహేలు బళ్ళారి మిషను బడిలో టీచరు. హెడ్‌క్వార్టరు వదిలి ఉండకూడదని నాకు రూలు, కాబట్టి పెళ్ళయిన నాలుగేళ్ళూ మా కాపురం ఆదివారాలకే పరిమితం. మూడేళ్ళ మా పాప నన్ను ‘చర్చి నాయన’ అనేది. చర్చి ఉన్న రోజు తప్ప నేను కనబడను మరి. విన్నవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అలాంటప్పుడు మా పై ఆఫీసరు రాజగోపాలయ్య గారు నన్ను పిలిపించారు. “మీ తాలూకాలో సిరిగేరి ఊరికి కొత్త ఎక్స్ఛేంజి వచ్చిందయ్యా. మార్చి ముప్పై ఒకటి లోపల అది పనిచెయ్యాలి. చేసిందా, నిన్ను బళ్ళారికి వేయించే పూచీ నాది” అన్నారు. నాకు ఇంకేం కావాలి?

ఆ కొత్త ఎక్స్ఛేంజి బీరువా అంత పెట్టె. ఏసీ అక్కర్లేదు, గారాబం అక్కర్లేదు. దుమ్ము, తడి మాత్రం పనికిరావు, తలుపుకి గట్టి తాళం ఉండాలి. సిరిగేరిలో తాళాలకేం కొదవ లేదు. చుట్టూ వరి మడులు, మధ్యలో మిల్లులు, ఏ ఇంట్లో వేలితో గీసినా ఊక దుమ్ము. వారం రోజులు తిరిగి నా చొక్కాలు నాలుగూ తెల్లబడ్డాయి.

నాతో తిరిగిన లైన్‌మన్ హులిగెప్ప ఆ ఊరివాడే. స్తంభం ఎక్కమంటే ఎక్కుతాడు, అడగందే మాట్లాడడు. ఎనిమిదో రోజు విసిగిపోయి నేనే అడిగాను.

“దుమ్ము లేని గది ఈ ఊర్లో ఒగటే ఉండాది సార్. పంపమ్మ జాడీల గది” అన్నాడు. “ఆయమ్మ ఇయ్యదు.”

“వారం కిందట చెప్పడానికేం?”

“మీరు అడగల్యా సార్.”

పంపమ్మ తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు వ్యాపారస్తుల ఇంటి మనిషి. యాభై దాటాయి. ఆవిడ పెట్టే ఊరగాయలు బళ్ళారి బజారు అంగళ్ళకీ, మెస్సులకీ పోతాయి. ఇంట్లో ఎప్పుడు చూసినా పదిమంది ఆడవాళ్ళు దంచుతూ, చెరుగుతూ ఉంటారు. వాళ్ళందరి మీదుగా ఆవిడ గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

జాడీల గది ఇంటి నడుమ ఉంది. లావుపాటి రాతి గోడలు, పైన బండల కప్పు, ఇనప తలుపు. లోపల డెబ్బై జాడీలు, మూతుల మీద గుడ్డలు కట్టించుకుని బుద్ధిగా కూర్చున్నాయి. గోడ మీద వేలు గీశాను. దుమ్ము లేదు. నాకు బళ్ళారి కనిపించింది.

మా నియమాలు చెప్పబోతే ఆవిడ తనవి మొదలుపెట్టింది.

“చెప్పులు బయట. కాళ్ళు కడుక్కోని, తుడుసుకోని రావల్ల. తడి చెయ్యి లోపలికి రాకూడదు. వచ్చేపోయే జనం కూడదు. తలుపు ఊరికే తెరిసి పెట్టకూడదు. ఇవన్నీ మీ సర్కారుకి సరిపోతాదా?”

నాకు నవ్వు ఆగలేదు. మా శాఖ పుస్తకంలో ఇరవై పేజీలున్న నియమాలు ఆవిడ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆ మాటే అంటే ఆవిడకీ నవ్వొచ్చింది. అక్కడినుంచి బేరం మొదలైంది.

గదికి నడుమ ఇనప జాలీ తెర. అటు జాడీలు, ఇటు ఎక్స్ఛేంజి. తలుపుకి రెండు తాళాలు, ఒక తాళంచెవి ఆవిడది, ఒకటి మాది. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. నేను, గది పక్కన కారం దంచడం ఆపాలన్నాను, ఆ పొడి మా పెట్టెలోని సర్క్యూట్ కార్డుల మీద పడుతుంది. ఆవిడ రోళ్ళన్నీ పెరట్లోకి మార్పించింది. అందుకు బదులుగా మా బ్యాటరీలు గదిలో ఉండకూడదంది. “వాట్లో యాసిడ్ ఉంటాదంట కదప్పా. నా జాడీలకి ఆ గాలి తగలకూడదు.” బ్యాటరీలు వసారాకి పోయాయి. ఇంత న్యాయమైన ఒప్పందం మా శాఖ అంతకు ముందు చెయ్యలేదని నా నమ్మకం.

“నీ పేరేంది?” అంది అప్పుడు.

“జీవానందం.”

“అంటే మిషనోళ్ళా?”

అవునన్నాను. కలం మూసి జేబులో పెట్టేశాను కూడా. ఆ తరవాత మాట ఏమిటో ఇలాంటి గడపల బయట నిలబడి మా తాత విన్నాడు, మా నాన్న విన్నాడు. నేను వినే ఉద్దేశంతో లేను.

“మా అత్త ఉంటే గడప తొక్కనిచ్చేది కాదు” అంది పంపమ్మ. “ఆయమ్మ పోయి ఆరేండ్లాయ. ఇప్పుడు నేనుండా. చెయ్యి చాపప్పా.”

చాపాను. అరచేతిలో చిటికెడు మెత్తటి ఉప్పు వేసి, పిడికిలి మూయించి, లోపలికి వెళ్ళి ఎవర్నో తిట్టి వచ్చింది. వచ్చాక పిడికిలి తెరిపించింది. ఉప్పు వేసింది వేసినట్టే పొడిగా ఉంది.

“చెమట పట్టని చెయ్యి. ఇట్లాంటిది స్వల్ప మందికే ఉంటాది” అంది. “రాయి మళ్ళా. సర్కారు తరఫున లోపలికి పొయ్యేది జీవానందం ఒక్కడే అని రాయి.”

“పేరు రాయకూడదమ్మా, జూనియర్ ఇంజనీరు అని రాస్తాం.”

“ఆయప్ప ఎవురో నాకేం తెలుసు? నేను చూసింది నిన్ను.”

ఇంకో అరగంట వాదిస్తే ఒప్పుకునేదేమో. నేను వాదించలేదు. బస్సుకి టైమైందని నాకు నేనే చెప్పుకుని, ఉన్నదున్నట్టు రాసి కింద గీత కూడా గీశాను. ఒప్పందం గడువు ఐదేళ్ళు. మార్చి హడావిడిలో రాజగోపాలయ్య గారు చదవకుండా సంతకం పెట్టారు.

ముప్పయ్యో తారీకున సిరిగేరిలో ఫోన్లు మోగాయి. మొదటి ఫోను పంపమ్మే బళ్ళారి మెస్సుకి చేసి, పక్క ఊరికి వినబడేంత గట్టిగా మాట్లాడింది. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు పోయి చూసి వచ్చేవాణ్ణి. నేను లోపల పని చేసుకుంటుంటే హులిగెప్ప వీధి అరుగు దగ్గర నిలబడేవాడు. జూన్ మొదట్లో నాకు బళ్ళారి ఆర్డరు వచ్చింది. రాహేలు వంటగది పెద్దదిగా ఉన్న ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేసింది.

నా స్థానంలోకి వచ్చిన శంకరనారాయణ బళ్ళారి బజారు పిల్లాడు, పంపమ్మ వాళ్ళకి దూరపు చుట్టం కూడా. నేను నిశ్చింతగా చార్జి ఇచ్చి వచ్చేశాను. నాలుగు రోజులకి సిరిగేరిలో పిడుగు పడింది, ఫోన్లు ఆగిపోయాయి. శంకరనారాయణ పరుగెత్తాడు. పంపమ్మ అతని చేతిలో ఉప్పు వేసింది. నిమిషంలో అది నీరై మోచేతి దాకా కారిందట. ‘మా వాడే, అయినా షరతు షరతే’ అని ఆవిడ తన తాళం తియ్యలేదు. రెండు రోజులు ఊరంతా మూగబోయింది.

రాజగోపాలయ్య గారు అప్పుడు చదివారు ఒప్పందాన్ని.

“ఏమయ్యా జీవానందం, ఈ ఇరవయ్యో షరతు ఎవడు రాశాడు?”

“నేనే సార్.”

“ఐదేళ్ళు అక్కడే ఉండు అయితే” అని ఫోను పెట్టేశారు. ఆర్డరు రద్దయింది.

రాహేలు అరవలేదు. అరిచినా బాగుండేది. ఒప్పందం నకలు నెమ్మదిగా చదివి, నా గీత మీద వేలు పెట్టింది. “ఆమె అడిగిందని రాశారా? అలాంటి ఇంటి లోపలి గదికి మీ పేరు రాసుకోవాలనిపించింది, రాశారు.”

నిజమే. ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ నేను, ఆ గడపలు మనకి కావనే మా తాతతో మనసులోనే పోట్లాడి గెలిచాను. ఆ ముచ్చట కోసం పెళ్ళాం బిడ్డల్ని ఐదేళ్ళు తాకట్టు పెట్టానని అప్పుడు తోచలేదు.

మర్నాడే సిరిగేరి పోయాను. హులిగెప్ప నా సంచీ అందుకుని ఎప్పట్లాగే అరుగు దగ్గర ఆగాడు. చెడిపోయిన కార్డు మార్చి బయటికి వచ్చి, పంపమ్మ ముందు ఒప్పందం పరిచాను.

“నా పేరు కొట్టేయనియ్యమ్మా. నా బిడ్డ నన్ను మర్చిపోతుంది.”

“అయ్యో, కొట్టెయ్యప్పా. బిడ్డ కన్నా నాకు జాడీలు ఎక్కువనా?” అంది. నిజంగానే నొచ్చుకుంది. “కానీ పొడి చెయ్యి మనిషిని ఒకర్ని చూపీ. కొత్త కాయ మొన్ననే పెట్టినా. బూజు పడితే ఏడాది పోతాది.”

“ఈ ఊళ్ళో ఎవరున్నారమ్మా అలాంటివాళ్ళు?” అన్నాను. అడగడం ఆవిడనే అడిగాను.

“నా చేతికేమైంది అమ్మా?”

ఇద్దరం వీధి వైపు తిరిగాం. హులిగెప్ప అడగకుండా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

“పదిహేడేండ్ల నుంచీ మీ పెరట్లో మామిడికాయ తుడిసేది నేను, కోసేది నేను. మొన్న ఆదివారం గూడ వచ్చి కోస్తి. ఒక్క జాడీ అన్నా బూజు పట్టిందా?”

“పట్టలే” అంది పంపమ్మ.

“మళ్ళా?”

ఆవిడ నా వైపు చూసింది, జవాబు నా దగ్గరేదో ఉన్నట్టు. నా దగ్గర సిగ్గు ఒక్కటే ఉంది. మూడు నెలలు ఆ గడప దాటినప్పుడల్లా పొంగిపోయాను. నా వెనకాల ఒక మనిషి ఆగిపోతున్నాడని ఒక్కసారీ అనుకోలేదు. మా తాత నిలబడ్డట్టే నిలబడ్డాడు, నా కళ్ళ ముందే.

“ఇన్నేండ్లు ఒక మాట అడగల్ల కదప్పా!” అని పంపమ్మ కసిరింది.

“అడగనిస్తిరా అమ్మా?” హులిగెప్ప కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

పెరట్లో రోకళ్ళు ఆగాయి, అందరూ వింటున్నారు. పంపమ్మ కొంగు ముడిలోంచి తాళంచెవి తీసింది. “రాయప్పా ఇంజనీరూ. హులిగెప్ప అని రాయి. నాయన పేరు గూడ రాయి.” అంటూనే తడబడి అతని వైపు తిరిగింది. “మీ నాయన పేరేంది?”

“జంబన్న.”

పదిహేడేళ్ళుగా తన పెరట్లో పనిచేసిన మనిషి తండ్రి పేరు ఆవిడకి తెలియదు. నన్ను అడిగితే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. నా పేరు కొట్టేశాను. పైన ‘హులిగెప్ప, తండ్రి జంబన్న’ అని రాశాను. ముగ్గురం సంతకాలు పెట్టాం. శంకరనారాయణ గడప దగ్గర నిలబడి చెబితే, లోపల హులిగెప్ప చేస్తాడు. నన్ను ఇక్కడ కట్టేసే షరతు ఇక లేదు. రాజగోపాలయ్య గారికి అభ్యంతరం ఉండదు, ఆయన ఎలాగూ చదవరు.

హులిగెప్ప చెప్పులు విడిచాడు. కాళ్ళు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు. చేతులు రెండుసార్లు తుడుచుకుని లోపలికి పోయాడు.

“సార్, ఈ ఎర్ర దీపం ఏంది?”

మూడు గంటల బళ్ళారి బస్సు వీధి చివర హారను కొట్టింది. నేను గబగబా లేచి లోపలికి పోబోయాను. పంపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నీ పేరు లేదప్పా ఇప్పుడు.”

న్యాయమే. బస్సుని పోనిచ్చాను. గడప ఇవతల కూర్చుని, పై వరసలో మొదటి కార్డు నుంచి హులిగెప్పకి చెప్పడం మొదలుపెట్టాను.