వదులు, వదలకు

కొత్త టెర్మినల్ గోడ మీద రేవుల చరిత్ర రాసే పని దక్కినప్పుడు ఆ బోర్డు పెయింటర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆఫీసువాళ్లిచ్చిన కాగితం చూసి రాసుకుంటూ పోవడమే. మొదటిది కర్ర రేవు. నీళ్లు తగ్గితే జనం చెప్పులు చేత్తో పట్టుకుని, బురద తొక్కుకుంటూ లాంచీ ఎక్కేవారు. రెండోది రేకుల రేవు. వాన పడితే అక్కడ పక్కవాడి మాట కూడా వినపడేది కాదు. మూడోది ఈ అద్దాల మేడ.

రెండో రేవు సంగతి సగం రాసేసరికి కుంచె ఆగిపోయింది. 'మోకు పట్టే మనిషి పొరపాటు వల్ల ఎక్కే బల్ల జారి ఐదుగురు నీళ్లలో పడ్డారు. అప్పటి నుంచి వదులు, వదలకు అనే కేకలు మాని పట్టు, విడు అనడం మొదలైంది.'

ఆ మోకు పట్టే మనిషి ఆమె నాన్న.

అప్పట్లో లాంచీ నడిపే సరంగు కేక వేస్తేనే, లాంచీని ఒడ్డుకి పట్టి ఉంచే మోకు వదలాలి. ఇంజను హోరులో వదులు అన్నా, వదలకు అన్నా వినపడేది మొదటి ముక్క ఒక్కటే. మిగతాది ఎవరికి వాళ్లు పూరించుకోవాలి. ఇంతకన్నా తెలివితక్కువ ఏర్పాటు ఉంటుందా? వదలకు అన్నానని సరంగు విచారణలో గట్టిగా చెప్పాడు. వదులు అనే వినపడిందని నాన్న గొణిగాడు. గట్టిగా చెప్పినవాడి మాటే నెగ్గింది. నాన్నని టికెట్లు చింపే గేటుకి మార్చారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన తన చెవుల్ని తానే నమ్మడు. చెవులు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పినా తల అడ్డంగా ఊపి వచ్చేశాడు.

"ఆ వాక్యం తీసెయ్యండి సార్," అంది ఆమె ఆఫీసరుతో.

ఆయన ఫైలు తిరగేశాడు. "రికార్డులో ఉన్నది మార్చాలంటే ఆ సరంగే రాసివ్వాలమ్మా. ఎల్లుండే ప్రారంభం."

రంగు చేతులతోనే ఆమె సరంగు ఇంటికి వెళ్లింది. "ఆ హోరులో సరిగ్గా వినపడే వీలు లేదని రెండు ముక్కలు రాసివ్వు బాబాయ్. అంతకుమించి ఏమీ అడగను."

సరంగు పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. "అలా రాస్తే అదీ అబద్ధమే తల్లీ. ముందు వదులు అనే అన్నాను. బల్ల మీద జనాన్ని చూసుకోలేదు. చూశాక వదలకు అని అరిచాను. అప్పటికే మీ నాన్న వదిలేశాడు. విచారణలో రెండో కేక చెప్పి, మొదటిది మింగేశాను."

ఆయన్ని కడిగిపారెయ్యాలనుకుంది. కానీ ముసలాయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. "పద. కాగితం తర్వాత. ముందు వాడికి చెప్పాలి."

నాన్న బట్టలు ఆరేస్తున్నాడు. సరంగు ఎదురుగా నిలబడి, ఒక్క మాట పొల్లుపోకుండా అంతా చెప్పేశాడు.

"అంటే, నేను సరిగ్గానే విన్నానా?"

"సరిగ్గానే విన్నావురా."

నాన్న చేతిలోని తడి చొక్కా సరంగు మొహాన కొట్టాడు. "ఇరవై ఆరేళ్లురా! పిలిచిన ప్రతివాడి ముందూ, సరిగ్గా విన్నానో లేదోనని దొంగలా నిలబడ్డాను!" అని అరిచి, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. సరంగు ఆ చొక్కా దులిపి తీగ మీద ఆరేశాడు.

"తప్పు సరంగుదని పెద్దక్షరాలతో రాస్తాను నాన్నా," అంది కూతురు.

"వద్దు. వీడి మనవరాలు కాలేజీకి ఆ రేవులోనే లాంచీ ఎక్కుతుంది. రోజూ అది చదువుకుంటూ ఎక్కాలా? కేక పొరపాటని రాయి, చాలు."

"మరి ఊరికి తెలియొద్దా?"

"నాకు తెలిసింది కదే."

సరంగు సంతకం పెట్టిన కాగితం ఆఫీసులో ఇచ్చి, ఆమె పాత వాక్యం చెరిపేసింది. 'కేకలో పొరపాటు వల్ల బల్ల జారింది' అని నాన్న చెప్పినట్టే రాసింది. దాని పక్కన 'మోకు పట్టే మనిషి విన్నది విన్నట్టే చేశాడు' అని కూడా రాసింది. అది మాత్రం ఎవర్నీ అడగలేదు.