రెండు దెబ్బలు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. ఊరి నడిబొడ్డున పాత బస్టాండు మీద బూడిదరంగు మబ్బు కదలకుండా పడి ఉంది. దాని కింద రివర్సు మామ అప్పటికే ఒక బస్సును వెనక్కి రప్పిస్తున్నాడు.

కట్టినప్పుడే ఇరుకైన బస్టాండు అది. బస్సులు వెనక్కి వచ్చి ప్లాట్‌ఫారానికి ఆనాలి. వెనక ఏముందో డ్రైవరుకు కనిపించదు. బస్సు వెనక రేకు మీద మామ ఒక దెబ్బ కొడితే కదలాలి, రెండు కొడితే ఆగాలి. ఆగాక చక్రం కింద చెక్కదిమ్మ పెడతాడు. కొట్టి కొట్టి కుడి అరచెయ్యి చెప్పు అట్టలా తయారైంది. పొయ్యి మీద గిన్నె దించాలంటే ఇంట్లో గుడ్డ వెతకరు, ఆయన్ని పిలుస్తారు. మాట పొదుపు మనిషి. అన్నం చాలనడానికి కూడా కంచం పక్కన నేల మీద రెండు దెబ్బలే.

రేపటి నుంచి బస్టాండును కూలగొడతారు. ఆ స్థలంలో దుకాణాలు, సినిమా హాళ్లు, అద్దాల అంతస్తులు లేస్తాయట. వాటి అడుగున బస్సులకు చోటిస్తారట. అందాకా ఊరి చివర రేకుల షెడ్డు. అందరికీ అక్కడ పని చూపించారు. మామ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"నోరు తెరిచి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు," అంది భార్య, పొద్దున గుమ్మం దాకా వచ్చి.

టీ కొట్టామె ఊరుకుంటుందా! "మామా, కొత్త బిల్డింగులో నీకు ఏసీ గదంటగా! కూర్చుని కొడతావా, నిలబడి కొడతావా?"

"టీ పొయ్యి," అన్నాడు.

మధ్యాహ్నం కంట్రోలరు గదికి వెళ్లాడు. కంట్రోలరు స్టూలెక్కి గోడ గడియారం విప్పుతున్నాడు.

"నాక్కూడా అక్కడ ఏదన్నా..."

కంట్రోలరు వెనక్కి తిరగలేదు. "అక్కడ బస్సులు ఇటు నుంచి వచ్చి అటు పోతాయి మామా. రేపు కట్టేదాంట్లోనూ అంతే. రివర్సే లేదు. నిన్ను తీసుకెళ్లి ఏం చెయ్యమంటావు? నువ్వే చెప్పు."

మామ ఆలోచించాడు.

"గడియారం జారుతోంది, పట్టుకోండి," అని బయటికొచ్చాడు.

చీకటి పడే వేళకు ఆఖరి బస్సు నిండింది. మామ చెక్కదిమ్మ లాగి ప్లాట్‌ఫారం అంచున పెట్టాడు. రేకు మీద కొట్టాడు. కదలబోయిన బస్సు కుదుపుతో ఆగిపోయింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏంటి మామా, పొమ్మంటున్నావా, ఉండమంటున్నావా?"

లోపల ఎవరో నవ్వారు. రెండు దెబ్బలు కొట్టానని మామకు అప్పుడు తెలిసింది. చెయ్యి వంక చూసుకున్నాడు.

"పో," అన్నాడు నోటితో.

ఆ మాట ఆ నోట ఎన్నడూ వినని డ్రైవరు తల లోపలికి లాక్కుని గేరు వేశాడు.

ఇంట్లో భార్య ఆయన ముఖం చూసి పీట వాల్చింది. కూతురు కంచాలు పెట్టింది. భార్య అన్నం వడ్డిస్తూ దెబ్బల కోసం ఆగింది. వినపడలేదు. ఇంకో గరిటె వేసింది. మరొకటి వేసింది. ఆయన చెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది. అన్నం కంచం అంచు దాటాక కూతురు తల్లి మణికట్టు పట్టుకుంది.

ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. పొద్దుటి నుంచి బిగబట్టిన వాన అప్పుడు మొదలైంది.

ప్లాట్‌ఫారం అంచున, ఒక పక్క చక్రం ఒరుసుకుని నునుపెక్కిన చెక్కదిమ్మ తడుస్తోంది.