ఎనిమిది టన్నుల వంతెన

ఓబలప్ప మైకు పట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు కూడా మండింది. ఆ మంటలో నేను చేసిన పనికి ఇప్పటికీ తలెత్తుకోలేకపోతున్నాను.

మా ఊరిగాంలో బంగారు గని కార్మికుల లైను ఇళ్ళకూ బడికీ మధ్య పెద్ద కాలువ ఒకటి ఉంది. గనులు మూతపడ్డాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. పాత కల్వర్టు కొట్టుకుపోయి మూడేళ్ళయింది. వానాకాలంలో పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో దిగి బడికి పోయేవారు, లేదంటే రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగేవారు. నిరుడు మా ఎదురింటి గంగులమ్మవ్వ అందులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మునిసిపాలిటీ దగ్గరున్న డబ్బుకు మామూలు వంతెన రాదన్నారు. అయితే వచ్చేటట్టు నేను గీస్తానన్నాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే వేలమందిలో ఒకదాన్ని. మా నాయన చిక్కవెంకటప్ప రాయల్పాడు దగ్గరి పల్లె నుంచి వచ్చి, గని మూసేదాకా షాఫ్టులో లోతుకు దిగి పనిచేశాడు. ఈ వంతెనకు నేను ఫీజేమీ తీసుకోలేదు. నాలుగు నెలల ఆదివారాలు దానికే పోశాను.

మామూలుగా అంత పొడవుకు పద్నాలుగు టన్నుల ఇనుము పడుతుంది. నేను ఎనిమిదికి దించాను. అది పిసినారితనం కాదు. ఏ పైపు మీద ఎంత బరువు పడుతుందో లెక్కకట్టి, పడిన చోట మందం పెంచి, పడని చోట తగ్గించాను. పని లేని ఇనుము ఊరికే కూర్చోదు, తన బరువును కూడా పక్కవాటి నెత్తిన పెడుతుంది. ఒకటి సన్నబడితే దాన్ని మోసేది కూడా సన్నబడవచ్చు. వందసార్లు మార్చి మార్చి చూశాక, ఇంక తీయడానికి ఏమీ మిగలని రూపం ఒకటి దొరికింది. అది దొరికిన రోజు రైల్లో నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

దాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకున్నది రోనాల్డ్ అన్న. ఒకప్పుడు గని వర్క్‌షాపులో ఫిట్టరు, ఇప్పుడు సొంత వెల్డింగ్ షెడ్డు. కాంట్రాక్టు ఆయనకే వచ్చింది. టన్నుల లెక్కన బిల్లిచ్చే పనిలో ఇనుము తగ్గితే నష్టపోయేది ఆయనే. అయినా ఒక్క మాట అనలేదు. ఆయన భార్య ఆగ్నెస్ టీచర్ ఆ బళ్ళోనే పాఠాలు చెబుతుంది, కాలువ కష్టం ఆయనకు తెలుసు. వంతెనను ముందు షెడ్డు పక్క ఖాళీ జాగాలో దిమ్మెల మీద నిలబెట్టి, దాని నిండా ఇసుక మూటలు పేర్చి, నడుమ తొమ్మిది మిల్లీమీటర్లు వంగిందని కొలిచి చూపించాడు. నా కాగితంలోనూ తొమ్మిదే ఉంది. మళ్ళీ విప్పి, ముక్కలు తెచ్చి కాలువ మీద బిగించడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకు ఓబలప్ప నిలబడ్డాడు. కాంట్రాక్టు దక్కని వెంకటరామప్ప అతని బావమరిది. ఈ చుట్టరికం ఊరందరికీ తెలుసు, నోరెత్తే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఓబలప్ప కాలువ గట్టునే సభ పెట్టాడు. సగం బిగించిన వంతెన వైపు చెయ్యి చూపించి ఎత్తుకున్నాడు.

“చూడండప్పా ఈ ఇనుము. నా చెయ్యంత లావు కూడా లేదు. బెంగళూరులో ఫ్లైఓవర్ స్తంభాలు చూసినారు కదా, నలుగురు చేతులు కలిపినా అందవు. మన బంగారం తీసకపోయినారు. మన నాయనల ఊపిరితిత్తులు తినేసినారు. ఇంగ మనకి పుల్లలు ఇస్తా ఉండారు. మనం చచ్చినా అడిగే దిక్కు లేదని వాళ్ళకి తెలుసు. మిగతా ఇనుము యాడికి పోయింది? ఎవురు తినింది?”

నాకు మంటెత్తింది అందులోని అబద్ధానికి కాదు, నిజానికి. ఊపిరితిత్తుల మాట నిజం, నేను మా నాయన దగ్గు వింటూ పెరిగాను. బంగారం మాటా నిజమే. మా ఇళ్ళలో చచ్చినవాళ్ళను అరువు తెచ్చుకుని, వాళ్ళ పక్కన తన బావమరిది వ్యాపారాన్ని కూర్చోబెట్టాడు. జనం ఊగిపోయారు. పని ఆపండి అని అరిచారు. రెండో వరుసలో మా నాయన తల ఊపుతున్నాడు. అది చూసి నా గుండె భగ్గుమంది.

సన్న పైపుల చుట్టూ కాంక్రీటు పోసి లావు చేయించే దాకా వంతెన మీద ఎవర్నీ నడవనివ్వనని ఓబలప్ప అన్నాడు. కాంక్రీటు పోస్తే ఆ బరువుకే నా వంతెన కూలుతుంది. వానలకు ఇంకా ఐదు వారాలే ఉన్నాయి.

నేను స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాను. చేతిలో లెక్కల కాగితం ఉంది. ఎదురుగా ఉన్న మొహాలు చూశాను. ఇదంతా వీళ్ళ తలకు ఎక్కుతుందా అనుకున్నాను. కాగితం మడిచేశాను.

“ఇనుము ఎవురూ తినలేదు. తినాలని చూసేవాళ్ళే లావు ఇనుము కావాలంటా ఉండారు. టన్నుకింత అని బిల్లు రాసుకునేది కాంట్రాక్టర్లు కాదా? నేను ఈ లైన్లో పుట్టినదాన్ని. నన్ను నమ్మకుండా వాళ్ళను నమ్ముతారా?”

నేనన్నది వెంకటరామప్పను. అతను స్టేజీ మీదే తెల్లచొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. కానీ అతని వైపు తిరగాలంటే దమ్ము కావాలి. జనం వెనక్కి తిరిగారు. కాంట్రాక్టరంటే వాళ్ళకు గుర్తొచ్చింది ఈ పని చేస్తున్నవాడే. వంతెన పక్కన వెల్డింగ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని రోనాల్డ్ అన్న నిలబడి ఉన్నాడు. ఎవడో ఆయన పేరు పలికాడు. ఇంకొకడు, వాళ్ళ తాత తెల్లదొరల కింద ఫోర్‌మన్ అనీ, మన తాతల్ని బూటుకాలితో తన్నినవాడనీ అందుకున్నాడు. ఈలలు, చప్పట్లు. లావు ఇనుము మాకొద్దు, మా ప్రేమమ్మ గీసిందే కావాలి అని కేకలు.

ఆయన కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. జనం మొట్టమొదటిసారి నా వైపు ఉన్నారు. మైకు కింద పెట్టి దిగిపోయాను.

సాయంత్రానికి షెడ్డు రేకుల మీద రాళ్ళు పడ్డాయి. మర్నాడు మునిసిపాలిటీ వాళ్ళు ప్రజల అభ్యంతరం పేరుతో రోనాల్డ్ అన్నను తప్పించి, మిగిలిన బోల్టులు బిగించే పని వెంకటరామప్పకు ఇచ్చారు. కాంక్రీటు ఊసెత్తకుండా, గీసినది గీసినట్టే, సన్నగానే బిగించాడు. వానలకు ముందే ప్రారంభోత్సవం జరిగింది. ఓబలప్ప రిబ్బన్ కత్తిరించి, తాను కాపలా ఉండబట్టి ఎవరూ తినలేకపోయారన్నాడు. గెలిచాడు కూడా.

నేను రోనాల్డ్ అన్న ఇంటికి వెళ్ళేసరికి ఆయన పనిముట్లు గోనెసంచిలో సర్దుతున్నాడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని దొరికిందట. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“మైకు నీ చేతిలోనే ఉండె కదా ప్రేమా,” అన్నాడు. అంతే.

మొదటి వాన పడిన రోజు వంతెన మీద పిల్లలు గొడుగులు వేసుకుని పోతున్నారు. ఆగ్నెస్ టీచర్ మాత్రం దూరంగా రోడ్డు మీద, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చుట్టూ తిరిగి బడికి నడుస్తోంది. చూసి ఇంటికొచ్చి మా నాయన మీద విరుచుకుపడ్డాను. కన్నకూతురి లెక్క మీద నమ్మకం లేక ఆ దొంగ మాటలకు తల ఊపావు, నువ్వు ఊపబట్టే నేను ఆ స్టేజీ ఎక్కాల్సి వచ్చింది అన్నాను. ఆయన దగ్గు ఆగేదాకా ఆగి మాట్లాడాడు.

“నేను ఊపింది ఊపిరితిత్తుల మాటకమ్మా. వంతెన మాట నువ్వు చెప్తావని కాచుకోని ఉంటిని.”

చెబితే మీకేం అర్థమవుతుంది అన్నాను.

“వేల అడుగుల లోతుకి కేజీలో, ఆ ఇనప బోనులో దిగినోళ్ళం. ఆ కేజీని మోసే ఇనప రోపు నా మణికట్టంత లావు లేదు. ఇంగా లావు చేస్తే దాని బలమంతా దాని బరువు మోసేదానికే పోతాది, మనుషులకి ఏమీ మిగల్దు. ఆడ కూర్చోని ఉండినోళ్ళంతా ముప్పై ఏండ్లు ఆ సన్న రోపుకి వేలాడినోళ్ళే. ఆ మాట ఒకటి చెప్పింటే చాలమ్మా.”

నా నాలుగు నెలల లెక్క మొత్తం అందులో ఉంది. ఓబలప్ప ఈ జనాన్ని వట్టి మూర్ఖులనుకున్నాడని కదా నేను అంత రగిలిపోయింది. మైకు ముందు నేనూ అదే అనుకున్నాను. నిజం చెబితే వీళ్ళకు ఎక్కదనుకుని, వాళ్ళ చేతికి ఒక మనిషిని ఇచ్చాను.