కొత్త కత్తి పదును

"అదే ఇనుము, అదే మడతకత్తి. ఇత్తడి పిడి వేసినంత మాత్రాన పదహారు వేల యెన్‌లా?" అంది మిత్సుయే, మిసో చారు గిన్నె భర్త మసుజి ముందు పెడుతూ. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే మాట నలుగుతోంది.

"అదే ఇనుము కాదమ్మా. పొర మీద పొర వేసి సాగగొట్టింది. కత్తి అలుగు మీద అలలు కనపడటం లేదూ?" అంది కూతురు చినామి.

"అలలు చూడాలంటే సముద్రానికి పోతాం. పదిహేను వందల కత్తితో మీ నాన్న ఇన్నాళ్ళూ పని చెయ్యలేదా?"

అల్లుడు డైగో ఊరవేసిన ముల్లంగి నములుతున్నాడు.

మసుజి పాత మడతకత్తి నూరగా నూరగా చేపముల్లంత సన్నబడి, పోయిన వారం వెదురు కణుపులో విరిగింది. నాన్నకి డెబ్భై నిండాయని కూతురు బోనస్ డబ్బుతో ఈ ఖరీదైనది తెచ్చింది. కత్తి ఊరికే పుచ్చుకుంటే బంధం తెగుతుందంటారు. మసుజి ఐదు యెన్‌ల బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఐదుకే కొట్టేశారన్నమాట. బేరం బాగుంది," అంది మిత్సుయే.

"ఇవాళ పనిలో చూస్తాను. నచ్చకపోతే మామూలుది కొనుక్కుంటా. ఇది అల్లుడు ఉంచుకుంటాడు."

"నాకెందుకు మావయ్యగారూ, ఆఫీసులో కవర్లు చింపుకోడానికా?" అన్నాడు డైగో.

మసుజి నలభై నాలుగేళ్ళుగా వెదురు దడులు కడుతున్నాడు. దడి కట్టే నల్లతాడు రంగు ఎడమ బొటనవేలి గోరులోకి ఇంకిపోయి ఎంత తోమినా వదలదు. మిగతావాళ్ళు తాడుకి కత్తెర వాడతారు. అతను మాత్రం కణుపు చెక్కడానికీ, ముడి కొస కోయడానికీ మడతకత్తే వాడతాడు. దడికి మగముడి, అంటే ఊడిరాని గట్టి ముడి, వెయ్యడంలో అతని తర్వాతే ఎవరైనా అని పాత మేస్త్రి అనేవాడు. ఆయన కొడుకు నిషివాకి ఇప్పుడు మేస్త్రి.

ఆ రోజు పని ఒక గుడి వెనక. కొత్త కత్తి కణుపుని వెన్నలా చెక్కింది. నల్లతాడు చప్పుడు లేకుండా తెగింది.

వెదురు మీద మామూలు కత్తి పది గంటలకల్లా మొద్దుబారుతుంది. అప్పుడు మసుజి కుళాయి దగ్గరికి పోయి, దడికి వీపు పెట్టి కూచుని, పావుగంట సానరాయి మీద నూరుకుంటాడు. మళ్ళీ పన్నెండుకి ముందోసారి, మూడింటికి ఇంకోసారి. ఇవాళ పది దాటింది. పదును తెలియడానికి కత్తి గోటి మీద పెట్టి చూశాడు. అలుగు జారకుండా పట్టుకుంది. కూచోడానికి కారణం లేదు. కడుతూనే పోయాడు.

పదకొండింటికి మోకాళ్ళు సలపడం మొదలెట్టాయి. మూడింటికి వేళ్ళు తాడుని లాగుతున్నాయో లేదో తెలియలేదు. నడుం పట్టుకుని వెనక్కి తిరిగేసరికి, పది ముడుల అవతల నిషివాకి వంగి, మసుజి వేసిన ముడిని విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ తర్వాత పక్క ముడి. తాడు అందుకునే తీరులో తడబాటు లేదు. రోజూ చేసే పనిలా ఉంది.

మసుజి మళ్ళీ తాడు అందుకున్నాడు. సాయంత్రం పనిముట్లు కడుగుతున్నప్పుడు అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

నిషివాకి చేతులు తుడుచుకున్నాడు. "రెండేళ్ళయిందేమో పెద్దాయనా."

"చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నా. మీరు కత్తి నూరుకుంటున్నప్పుడు నేను బిగించెయ్యడం అయిపోతోంది కదా, పోనీలే అని ఊరుకున్నా."

"పక్క వరసలో నా ముడులు కూడా చూసుకో," అన్నాడు మసుజి. ఇంకో రెండు మాటలు చెప్పాడు. నిషివాకి గౌరవంగా నడుం వంచి చాలాసేపు తల ఎత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర చినామి ఆగలేకపోయింది. "ఎలా ఉంది నాన్నా?"

"మంచి కత్తి. పెట్టిన ధర దండగ కాదు. రోజంతా పదును తగ్గలేదు."

"చూశావా అమ్మా?"

"సరేలే. ఇంకో పదేళ్ళు కట్టుకోండి దడులు," అంది మిత్సుయే.

మసుజి అన్నం గిన్నె కింద పెట్టాడు. "లేదు. రేపటి నుంచి పనికి పోవడం లేదు. మేస్త్రికి చెప్పేశాను."

మిత్సుయే గిన్నె అందుకుని ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

గుడి వెనక, మర్నాటి పనికని మధ్యాహ్నం అతను నానబెట్టిన నల్లతాడు చుట్ట బకెట్లో అలాగే ఉంది. నీళ్ళలోకి రంగు మెల్లగా దిగుతోంది.