షూగ్లీ స్టూలు

అక్తరీ బేగం ఛాయ్‌లో ముంచిన రొట్టెముక్కను మెక్రే సార్ నోటికి అందించింది. ఎడమ పెదవి పక్కన జారిన చుక్కను ఆయన మెడకు కట్టిన తువ్వాలుతో తుడిచింది. బయట ఈ అరబ్బు ఊరు సలాలా కొబ్బరిచెట్ల మీద, ఖరీఫ్ అని ఇక్కడివాళ్లు పిలిచే వానాకాలపు తుంపర వదలకుండా పడుతోంది.

"డ్రీఖ్, సార్," అంది.

ఆయన చూశాడు. మాట రాలేదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఇంతే. ఓడరేవులో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ముసలివాడైన మనిషి. ఈ సాయంత్రం కూతురు ఐలా ఆయన్ని స్కాట్లాండ్ తీసుకుపోతోంది. పోయేలోగా ఆయన నోట ఒక్క మాట, ఏదైనా సరే, వినాలని అక్తరీ ఆశ.

కడప నుంచి ఈ ఇంట్లో పనికి వచ్చిన కొత్తలో ఆయన "హెన్" అని పిలిస్తే మూతి ముడుచుకుంది.

"నేనేమన్నా కోడిపెట్టనా సార్?"

మా ఊళ్లో ఆడవాళ్లను ప్రేమగా అలాగే పిలుస్తారని చెప్పి, ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఆయన స్కాట్లాండ్ మాటలన్నీ ఇంగ్లీషే అనుకుని నేర్చుకుంది. నోరు మూసుకోమనడానికి వీష్ట్. మబ్బుపట్టి, తడితడిగా, దిగులుగా ఉండే రోజు డ్రీఖ్. కడపలో ఉన్న తన కూతురు ముస్కాన్‌కూ నేర్పింది.

"అమ్మీ, డ్రీఖ్ అని రాస్తే టీచర్ ఆ మాట కొట్టేసింది. అట్లాంటి మాటే లేదంట!" అని ఆ పిల్ల ఫోన్లో ఏడ్చింది.

"ఆయమ్మ ఎప్పుడన్నా సలాలా వానలో తడిసిందా?" అంది అక్తరీ.

డ్రీఖ్‌కు బదులుగా ఆయనకు "ముసురు" నేర్పింది. చివరి అక్షరం ఆయన నాలుక మీద గులకరాయిలా దొర్లేది.

"మా కడపలో ముసురు పడితే పండగ సార్. దిగులెందుకు?" అనేది.

వరండాలో ఆయన కప్పు పెట్టుకునే స్టూలుకు ఒక కాలు పొట్టి. ముట్టుకుంటే చాలు, ఊగుతుంది. అలా ఊగేదాన్ని ఆయన షూగ్లీ అనేవాడు. కాలికింద అట్టముక్క పెడతానంటే ఒప్పుకునేవాడు కాదు. "అది కుదురుగా నిలబడితే ఆ మాట దేన్ని అనను, హెన్?" నిన్న టీ ఒలికిందని ఐలా అట్టముక్క మడిచి పెట్టేసింది.

మధ్యాహ్నం గడ్డం గీస్తూ అక్తరీ ఒక్కో మాటా వేసి చూసింది. షూగ్లీ? వీష్ట్? కనుబొమ్మ కదిలింది, అంతే.

"మాటలన్నీ నాకిచ్చేసి మీరు ఖాళీ అయిపోయినారా సార్," అని ఆయన వినేలాగే తిట్టింది.

కారు వచ్చింది. ఐలా, డ్రైవరు కలిసి ఆయన్ని ఎక్కించారు. అక్తరీ కిటికీలోంచి వంగి ఆయన మోకాళ్ల మీద శాలువా సర్దింది. తుంపర ఆయన చేతిమీద పడింది. ఆయన ఆ చేతిని చూసుకున్నాడు. వంకరపోయిన నోరు చాలాసేపు బలం కూడదీసుకుంది.

"ము... సుర్రు."

ఐలా ఉలిక్కిపడింది. "నాన్న మాట్లాడారు! ఏమన్నారు?"

"మీ మాటే మేడం," అంది అక్తరీ. "డ్రీఖ్ అన్నారు."

కారు మలుపు తిరిగాక ఆమె వరండాలోకి వచ్చి, స్టూలు కాలికింది అట్టముక్క లాగేసింది. స్టూలు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేచి, టకటకమంటూ కాసేపు ఊగింది.